పాటిలో దొరికిన కాసు: పాత ఇళ్ల స్థలాల లోహశోధన కథనాలు – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

పాడుబడిన ఇళ్ల స్థలాల్లో మెటల్ డిటెక్టర్ల సాయంతో పాత నాణేలు వెతకడం అమెరికా, ఇంగ్లండు దేశాల్లో విస్తృతంగా సాగుతున్న అభిరుచి. ఈ అభిరుచి చుట్టూ టెలివిజన్ ధారావాహికలు, వార్తాకథనాలు, పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. వీటిలో నాణేనికి అర్థం ఎలా కల్పించబడుతున్నదో, ఆ నాణెం జారిపడిన ఇల్లు కథనం నుంచి ఎలా తప్పిపోతున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. భారతీయ శబ్దార్థ విచారంలో నానార్థక పదానికి ప్రకరణం అర్థనిర్ణాయకమన్న సూత్రం ఇక్కడ పరిశీలనా సాధనం. వర్జీనియాలోని మాంట్‌పెలియర్ పరిశోధన, తెలంగాణలోని కోటిలింగాల నాణేలు ప్రధాన ఉదాహరణలు.

కీలకపదాలు: పాటిదిబ్బ, నాణెం, మెటల్ డిటెక్టర్, ప్రకరణం, మాంట్‌పెలియర్, డిటెక్టరిస్ట్స్, కోటిలింగాల

1. ప్రవేశిక

ఊరు ఎత్తిపోయిన చోటును మనవాళ్లు పాటి అంటారు. పాటిదిబ్బ, పాటిగడ్డ, పాటిమన్ను అన్న మాటలు పల్లెల్లో నేటికీ వాడుకలో ఉన్నాయి. పూర్వం మనుషులు కాపురమున్న నేల కనుక ఆ మన్నులో బూడిద, పేడ, ఎముకలు కలిసి సారం ఎక్కువగా ఉంటుందని రైతులు దానిని బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడం తెలిసిందే. మన్నుతోపాటు పెంకులు, పూసలు, ఎప్పుడైనా ఒక కాసు పొలానికి చేరతాయి. పొలంలో కాసు దొరికినవాడికి కాసు ఒక్కటే కనిపిస్తుంది. అది ఏ గడప దగ్గర, ఏ పొయ్యి పక్కన పడి ఉండేదో చెప్పగల నేల అప్పటికే చెదిరిపోయి ఉంటుంది.

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో పాటికి దగ్గరగా చెప్పదగినవి పాత వ్యవసాయ కుటుంబాలు వదిలివెళ్లిన ఇళ్ల స్థలాలు. అడవి కమ్ముకున్న చోట ఒక రాతి పునాది, కూలిన పొగగూడు, పూడిపోయిన బావి, ఎవరో నాటిన పూలపొద మాత్రమే మిగిలి ఉంటాయి. డిటెక్టర్ పట్టుకుని వెళ్లేవారు ముందుగా 19వ శతాబ్దపు కౌంటీ పటాలు చూస్తారు. ఇంటింటికీ యజమాని పేరు రాసిన పటాలవి. అక్కడికి చేరాక తలుపు నుంచి బావికి పోయే దారి, నీడనిచ్చే చెట్టు మొదలు, బట్టలు ఆరేసిన చోటు వెతుకుతారు. జేబుల్లోంచి నాణేలు జారే తావులు అవే. ఈ ఊహలో ఒక పాత కాపురాన్ని మనసులో తిరిగి కట్టుకునే శక్తి ఉంది. ఆ శక్తి నాణెం చేతికందిన మరుక్షణం ఎందుకు ఆగిపోతుందన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

ఈ విషయంపై వచ్చిన విమర్శలో అధికభాగం చట్టం గురించి, అనుమతుల గురించి జరిగింది. అది అవసరమే. కాని దొరికిన నాణేన్ని గురించి చెప్పే కథకు ఒక నిర్మాణం ఉంది. ఆ నిర్మాణాన్ని సాహిత్య విమర్శ పద్ధతిలో పరిశీలించిన సందర్భాలు తక్కువ. అందుకే ఇక్కడ తవ్వకం కన్నా దాని కథనానికే ఎక్కువ స్థలం ఇవ్వడం జరిగింది.

2. సైంధవం అంటే ఏది?

శబ్దార్థ విచారంలో తరచు చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది. సైంధవం తెమ్మని యజమాని అన్నప్పుడు అది భోజనవేళ అయితే ఉప్పు, ప్రయాణవేళ అయితే గుర్రం. మాట ఒక్కటే, అర్థాన్ని నిర్ణయించేది ప్రకరణం. భర్తృహరి ‘వాక్యపదీయం’లో నానార్థక శబ్దానికి అర్థం తేల్చే హేతువులుగా సంయోగం, సాహచర్యం, ప్రకరణం, దేశం, కాలం మొదలైనవాటిని పరిగణించాడు. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో వ్యంజనా చర్చకు వాటినే ఆధారం చేసుకున్నాడు.

నాణేన్ని ఇటువంటి నానార్థక శబ్దంగా చూడవచ్చు. నాణెంపై ఉన్న లిపి, బొమ్మ, సంవత్సరం అభిధేయార్థం వంటివి. అవి ముద్రించిన అధికారాన్ని గురించి చెబుతాయి. వాడిన మనిషిని గురించి ఏమీ చెప్పవు. ఒక స్పానిష్ వెండి రియాల్‌పై 1780 అని ఉన్నంత మాత్రాన అది పడిన ఇల్లు 1780 నాటిదని చెప్పడానికి వీల్లేదు. అమెరికాలో స్పానిష్ నాణేలు 1857లో కాంగ్రెసు చట్టం చేసే వరకు చట్టబద్ధంగా చెలామణి అయ్యాయి. ఫిలడెల్ఫియా టంకశాల 1793లో రాగి సెంట్లు ముద్రించడం మొదలుపెట్టిన తరువాత కూడా జనం చేతుల్లో స్పానిష్ వెండి తిరుగుతూనే ఉంది. కాబట్టి ఆ రియాల్ 1780కి ముందు పడలేదని మాత్రమే నిశ్చయంగా చెప్పగలం. అది 1785లో ఒక వర్తకుని జేబులోంచి జారిందో, 1840లో ఒక బానిస స్త్రీ మెడలోంచి తెగిపడిందో చెప్పవలసినవి దాని పక్కనున్న మేకు, పింగాణీ ముక్క, గుండీ, అది పడి ఉన్న పొర. సాహచర్యం, దేశం, కాలం అంటే ఇక్కడ అక్షరాలా అవే.

ఈ పోలికకు అనుకోని సమర్థన అమెరికా చట్టంలోనే దొరుకుతుంది. ప్రభుత్వ భూముల్లో, ఆదివాసీ భూముల్లో అనుమతి లేని తవ్వకాలను నిషేధించిన 1979 నాటి పురావస్తు వనరుల రక్షణ చట్టం కింద చేసిన నిబంధనల్లో నాణేలను, తుపాకి గుళ్లను, చెక్కని రాళ్లను పురావస్తు వనరులుగా లెక్కించనక్కరలేదని ఉంది. ఇతర పురావస్తు వనరులతో ప్రత్యక్షమైన భౌతిక సంబంధంలో దొరికితే మాత్రం లెక్కించాలి. అంటే విడి నాణెం చరిత్ర కాదు, తోడున్న నాణెం చరిత్ర. చట్టాలు రాసినవారు అలంకారశాస్త్రం చదివి ఉండరు గాని, చెప్పిన మాట మాత్రం భర్తృహరి చెప్పినదానికి దూరం కాదు. ఇక ప్రైవేటు భూమిలో చాలాచోట్ల యజమాని అనుమతి ఉంటే చాలు. పాత ఇళ్ల స్థలాల్లో ఎక్కువ భాగం ఉన్నది అటువంటి భూమిలోనే.

3. ఫలశ్రుతిగా ధర

2012 తొలి మాసాల్లో అమెరికన్ టెలివిజన్‌లో రెండు కార్యక్రమాలు దాదాపు ఒకేసారి మొదలయ్యాయి: స్పైక్ టీవీలో ‘అమెరికన్ డిగ్గర్’, నేషనల్ జియోగ్రాఫిక్ చానెల్‌లో ‘డిగ్గర్స్’. మొదటిదానికి నాయకుడు ఒక మాజీ రెజ్లర్. ఇంటి యజమానిని ఒప్పించి పెరడు తవ్వడం, దొరికినవి అమ్మడం, వచ్చిన లాభం పంచుకోవడం దాని పద్ధతి. రెండోది వినోదం పాలు ఎక్కువగా ఉన్న జంట సాహసం. సొసైటీ ఫర్ అమెరికన్ ఆర్కియాలజీ, సొసైటీ ఫర్ హిస్టారికల్ ఆర్కియాలజీ ఈ రెండింటిపై నిరసన తెలిపాయి. నేషనల్ జియోగ్రాఫిక్ పురావస్తు శాస్త్రవేత్తలతో చర్చలు జరిపి, తరువాతి కాలంలో కార్యక్రమం తీరు కొంత మార్చుకుంది.

నిరసనల్లో ప్రధానంగా వినిపించినవి చోరీని, విధ్వంసాన్ని ప్రోత్సహిస్తున్నారన్న మాటలు. అంతకన్నా లోతైన లోపం కథనంలో ఉంది. యంత్రం కూయడం, పార దిగడం, మట్టి తుడవడం, చివరికి ధర పలకడం అన్న నాలుగు మెట్లలో ప్రతి ఘట్టమూ నడుస్తుంది. పురాణశ్రవణానికి చివర ఫలశ్రుతి చెప్పినట్టు ఇక్కడ డాలర్ల అంకె వస్తుంది. అంకె వచ్చాక కథ ముగిసినట్టే. ఎవరి నాణెం, ఎందుకు ఇక్కడ పడింది అని అడగడానికి చోటు మిగలదు. ఇల్లు రంగస్థలం వెనక కట్టిన తెరలాంటిది. నేటి యజమాని తవ్వకానికి అనుమతించే పాత్ర మాత్రమే, నిన్నటి నివాసికి ఆ పాత్ర కూడా లేదు.

ధర ఎంత పెద్దదైనా కథ ఎంత చిన్నదైపోగలదో 2013 నాటి ‘శాడిల్ రిడ్జ్’ నిధి చూపిస్తుంది. ఉత్తర కాలిఫోర్నియాలో ఒక దంపతులు తమ సొంత స్థలంలో నడుస్తుండగా తుప్పుపట్టిన డబ్బా ఒకటి కనిపించింది. తరువాత మెటల్ డిటెక్టర్ కూడా వాడి వెతికితే మొత్తం 8 డబ్బాల్లో 1,427 నాణేలు తేలాయి. వాటి ముఖవిలువ 27,980 డాలర్లు. అంచనా కట్టిన విలువ సుమారు కోటి డాలర్లు. దంపతులు తమ పేర్లు గాని స్థలం గాని వెల్లడించలేదు. వారి భద్రత దృష్ట్యా అది అర్థం చేసుకోదగిన నిర్ణయమే. ఫలితంగా ప్రపంచానికి మిగిలింది ముద్రణ సంవత్సరాల జాబితా, నాణ్యత తరగతులు, ఎవరు పాతారన్న ఊహాగానాలు. అంత బంగారాన్ని విడతలు విడతలుగా పాతిపెట్టి తిరిగి రాని మనిషి గురించి ఒక్క నిశ్చయమైన వాక్యం కూడా లేదు. అమెరికాలో దొరికిన నిధుల్లో అత్యంత ప్రసిద్ధమైన వాటిలో ఒకటైన ఇది చరిత్ర రచనకు ఇచ్చింది మాత్రం చాలా తక్కువ.

4. ‘డిటెక్టరిస్ట్స్’: చెట్టు మీది నాణేలు

బీబీసీ నాలుగో చానెల్‌లో 2014లో మొదలై 2017లో మూడో సీజన్‌తో ముగిసి, 2022లో ప్రత్యేక భాగంగా మళ్లీ వచ్చిన ‘డిటెక్టరిస్ట్స్’ ఇందుకు భిన్నమైన రచన. మెకెంజీ క్రూక్ రాసి దర్శకత్వం వహించి ఆండీగా నటించాడు. టోబీ జోన్స్ లాన్స్ పాత్రధారి. లాన్స్ ఇంటిపేరు స్టేటర్. అది ఒక ప్రాచీన నాణెం పేరు కావడం రచయిత చమత్కారం. ఆండీ, లాన్స్ రోజుల తరబడి పొలాల్లో తిరుగుతారు. దొరికేవి ఎక్కువగా పానీయాల డబ్బాల మూతరింగులు. ధర అనే ఫలశ్రుతి లేకుండానే ఘట్టాలు ముగుస్తాయి, ప్రేక్షకుడు నిరాశపడడు. వెతకడాన్ని స్నేహానికి, ఓపికకు రూపంగా మలచడం ఈ ధారావాహిక ఘనత.

దీన్ని మెచ్చుకున్నవారు సాధారణంగా ఇక్కడే ఆగుతారు. మూడో సీజన్‌ను జాగ్రత్తగా చూస్తే మరొక సంగతి బయటపడుతుంది. ఒకప్పుడు పొలంలో పాతిన బంగారు నాణేలు కాలక్రమంలో నేల పైకి రావడం, వాటిని మాగ్‌పై పక్షులు ఎత్తుకుపోవడం ప్రేక్షకుడికి ఒక దృశ్యమాలికగా కనిపిస్తుంది. మిత్రులిద్దరూ ఆ పొలాన్నే అణువణువూ వెతుకుతారు. చివరకు నాణేలు వారి తలలమీద చెట్టులోంచి రాలతాయి. ఎంతో అందమైన ముగింపు. కాని పురావస్తు దృష్టితో చూస్తే ప్రకరణం పూర్తిగా పోయిన నాణేలవి. అవి ఎక్కడి నుంచి ఎలా చెట్టెక్కాయో ప్రేక్షకుడికి తెలుసు, పాత్రలకు తెలియదు. పోయిన సందర్భాన్ని రచయిత కల్పనతో పూరించి మనకు కానుకగా ఇచ్చాడు. వాస్తవ జీవితంలో ఆ దృశ్యమాలికను చూపేవారు ఎవరూ ఉండరు. క్రూక్ ఈ వ్యంగ్యాన్ని ఉద్దేశించాడనే నా అభిప్రాయం. అదే సీజన్‌లో ఆండీ కాపురం పెట్టడానికి ఇల్లు వెతుక్కుంటూ ఉంటాడు. నేలలో కాసు వెతికే మనిషికి నేలమీద ఇల్లు లేకపోవడం యాదృచ్ఛికమని అనుకోలేం.

ఈ ధారావాహికకు వెనకనున్న సామాజిక వాస్తవాన్ని కూడా గుర్తించాలి. ఇంగ్లండులో 1996 నాటి ట్రెజర్ చట్టం, 1997లో ప్రారంభమైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ కలిసి, అభిరుచిదారుడు తనకు దొరికినదాన్ని స్థలంతో సహా నమోదు చేయించే అలవాటును పెంచాయి. నమోదైన వస్తువులు 15 లక్షలు దాటాయి. 1992లో సఫోక్‌లోని హాక్స్‌నిలో మిత్రుడు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతున్న వ్యక్తికి రోమన్ నాణేల నిధి తగిలినప్పుడు అతడు తవ్వడం ఆపి కబురు పెట్టాడు. అందువల్లనే కుళ్లిపోయిన చెక్కపెట్టె ఆనవాళ్లు, అందులో వస్తువులు సర్దిన తీరు నమోదయ్యాయి. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

5. యంత్రం వినని ఇల్లు

పాత ఇంటి స్థలంలో డిటెక్టర్ పనిచేసే తీరు తెలుసుకుంటే పై చర్చకు భౌతికమైన ఆధారం దొరుకుతుంది. యంత్రానికి లోహాలను వేరుచేసే అమరిక ఉంటుంది. నాణేలు రాగివి, వెండివి, వాటికొక స్వరం. ఇనుముకు మరొకటి. పాత ఇంటి చుట్టూ నేలలో ఇనుప మేకులు వందల సంఖ్యలో ఉంటాయి. వాటి మోత భరించలేక నాణేలు వెతికేవారు ఇనుమును వినిపించకుండా అమర్చుకుంటారు. ఇల్లు కూలినా, దూలం చివికినా మిగిలేది మేకే. కాబట్టి ఇనుమును వదిలేయడమంటే ఇంటిని వదిలేయడమే. నాణెం వినబడాలంటే ఇల్లు మౌనం వహించాలన్నది ఆ అమరికలోని అంతరార్థం. ఇందాక చూసిన టెలివిజన్ కథనానికి, ఈ యంత్రపు అమరికకు తేడా లేదు.

వర్జీనియాలోని ఆరెంజ్ కౌంటీలో ఉన్న మాంట్‌పెలియర్, అమెరికా నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ నివాసం. మాడిసన్ భవనం, పత్రాలు, ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి. ఆ ఎస్టేటులో పనిచేసిన బానిసల ఇళ్లు మాత్రం నేలమట్టమయ్యాయి. అక్కడి పురావస్తు విభాగం 2012 నుంచి మాథ్యూ రీవ్స్ ఆధ్వర్యంలో, డిటెక్టర్ల తయారీ సంస్థ మైన్‌ల్యాబ్ భాగస్వామ్యంతో, అభిరుచిదారులను పిలిచి వారితో కలిసి సర్వే చేయడం ప్రారంభించింది. పిలిచింది నాణేల కోసం కాదు, మేకుల కోసం. నేలను గడులుగా విభజించి, యంత్రం పలికిన ప్రతిచోటును గుర్తుపెట్టి, పలుకుల సాంద్రతను పటంగా గీశారు. మేకులు గుంపుగా ఉన్నచోట ఇల్లు ఉండేది. చేత్తో కొట్టిన మేకులు పాతకాలానివి. యంత్రంతో కోసినవి 18వ శతాబ్దం చివరినుంచి వచ్చినవి. తీగతో చేసినవి 19వ శతాబ్దం చివరివి. మేకులు తక్కువగా ఉంటే దుంగల గుడిసె, ఎక్కువగా ఉంటే పలకల ఇల్లు అని కట్టడపు తీరును కూడా ఊహించగలిగారు.

రీవ్స్ 2015లో ఈ అనుభవంపై ప్రచురించిన పత్రానికి శత్రువుతో పొత్తు అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. ఎదుటివారిని శత్రువులని కొటేషన్ గుర్తుల్లో పిలవడంలో స్వవర్గంపై ఎత్తిపొడుపు ఉంది. విశ్వవిద్యాలయ పురావస్తు వర్గం దశాబ్దాలుగా అభిరుచిదారుల్ని దొంగలుగానే చూసింది. నిజానికి 1984లోనే లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ డిటెక్టరు పట్టిన స్వచ్ఛంద కార్యకర్తలతో తూటాల చోట్లు గుర్తించి, యుద్ధం నడిచిన తీరును తిరగరాశారు. అప్పటికే రుజువైన సహకారం ఇళ్ల స్థలాల దాకా రావడానికి ఇంత కాలం పట్టడానికి కారణం శాస్త్రం కాదు, హోదా.

అభిరుచిదారులు చేసే ఒక వాదాన్ని ఇక్కడ పరిశీలించాలి. దున్నిన నేలలో పొరలు ఎలాగూ కలిసిపోయాయి కాబట్టి నాణెం తీస్తే పోయేదేమీ లేదంటారు. ఇందులో సగం నిజం. నాగలి పైపొరల క్రమాన్ని చెరుపుతుంది. కాని వస్తువును అడ్డంగా చాలా దూరం తీసుకుపోదు. ఏ గడిలో ఏవి కలిసి దొరికాయన్న సమాచారం నిలిచే ఉంటుంది. మాంట్‌పెలియర్ పటాలు నిలబడింది ఆ సగం మీదే. వారి వాదంలో మిగిలిన సగాన్ని, అంటే ఎరువులకు, యంత్రాలకు చిక్కి నేలలోనే నాణేలు నశించిపోతాయన్న మాటను, పురావస్తు వర్గం ఇంకా సరిగా పట్టించుకోలేదనే చెప్పాలి.

మాంట్‌పెలియర్ నమూనా కూడా విమర్శకు అతీతం కాదు. యంత్రాలు అమ్ముకునే సంస్థకు ఇటువంటి పొత్తు వల్ల గౌరవం పెరుగుతుంది. ఆ గౌరవంతో అమ్ముడైన యంత్రాలన్నీ గడులు గీసిన నేలమీదే తిరుగుతాయని చెప్పలేం. మరొక ప్రశ్న ఇంకా బలమైనది. బానిసల ఇళ్లను వెలికితీసి వాటి కథ చెప్పే హక్కు ఎవరిది? అక్కడి బానిసల వారసుల సంఘానికి, పాలకమండలికి మధ్య అధికారం విషయమై వచ్చిన వివాదం 2022లో బహిరంగమైంది. ఆ ఏడాది రీవ్స్‌తో సహా కొందరు సిబ్బందిని తొలగించారు; వారసుల సంఘం సూచించిన సభ్యులు మండలిలో ఆధిక్యం పొందాక పరిస్థితి మారి, తొలగించినవారు తిరిగి వచ్చారు. మేకుల పటం గీయడంతో కథనం ఎవరిదన్న తగవు తీరదు.

6. చిల్లు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలు నివసించిన స్థలాల్లో, ఆఫ్రికన్ అమెరికన్ల సమాధుల్లో అంచున చిల్లు పొడిచిన నాణేలు దొరుకుతాయి. డల్లాస్‌లోని ఫ్రీడ్‌మన్స్ సిమెటరీలో 1990ల తవ్వకాల్లో ఇటువంటివి బయటపడగా, జేమ్స్ డేవిడ్సన్ వాటిని వివరంగా చర్చించాడు. 1930ల్లో ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టువారు సేకరించిన పూర్వ బానిసల జ్ఞాపకాల్లో మెడకో చీలమండకో వెండి నాణెం కట్టుకునే వాడుక ప్రస్తావనకు వస్తుంది. చేతబడి తగలకుండా, కీళ్లనొప్పి రాకుండా, పసిబిడ్డకు పళ్లు సులువుగా రావడానికి అని దానికి ప్రయోజనాలు పలువిధాలుగా చెప్పారు.

నాణేల అంగడిలో చిల్లు పడిన నాణెం దెబ్బతిన్న సరుకు. తరగతి దిగిపోతుంది, ధర పడిపోతుంది. ఇంటి చరిత్రలో అదే నాణెం ఆ స్థలం మొత్తంలోకీ విలువైన వస్తువు కావచ్చు. టంకశాల ముద్రించినదాని మీద ఒక బానిస స్త్రీయో పురుషుడో స్వహస్తంతో చేసిన ఏకైక రచన ఆ చిల్లు. చదువు నేర్పడాన్ని అనేక దక్షిణ రాష్ట్రాలు నేరం చేసిన కాలంలో వారు విడిచిన సంతకమది. ధరకు, అర్థానికి పొసగదన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు. అయితే ఆ అర్థం కూడా స్థలాన్ని బట్టే. బానిసల గుడిసె నేలలో దొరికితే రక్ష, భవనం మెట్ల దగ్గర దొరికితే మరేదో. ఎవరి మెడదో తెలియని చిల్లునాణెం రక్షరేకు కావచ్చు, గుండీగా కుట్టుకున్నది కావచ్చు, పిల్లల ఆటవస్తువు కావచ్చు. ప్రకరణం లేనిచోట ఇన్ని అర్థాల్లో దేన్నీ ఎంచుకోలేం.

తెలుగు పాఠకుడికి ఇది కొత్త కాదు. మన కాసులపేరులో నాణెం నగ అయింది. దక్షిణ భారతంలో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో కొన్నింటికి తొడుక్కోవడానికి వీలుగా చిల్లులున్నాయి. చక్రవర్తి ముఖం ఇక్కడి ఆడవారి మెడలో ఆభరణమైంది. 1943–47 మధ్య ప్రభుత్వమే నడుమ రంధ్రంతో ముద్రించిన కాణీ, చెలామణి పోయాక పసిపిల్లల మొలతాడు ఎక్కింది. భాషలో మాత్రం చిల్లిగవ్వ, చిల్లికాణీ అంటే విలువలేనివి. మన జాతీయం అంగడి పక్షాన నిలిచింది. వాడుక ఇంటి పక్షాన నిలిచింది.

7. మన పాటిదిబ్బలు

తెలుగునాట మెటల్ డిటెక్టర్ ప్రస్తావన పత్రికల్లో గుప్తనిధుల వేట వార్తల్లోనే తరచుగా కనిపిస్తుంది. పాత కోటలో, శిథిలాలయంలో, పాడుబడిన ఇంట్లో లంకెబిందెల కోసం రాత్రివేళ తవ్వినవారిని పట్టుకున్నారన్నది ఆ వార్తల సారాంశం. అమెరికన్ అభిరుచికి, దీనికి సామాజికంగా పోలిక లేదు. కాని కథనంలో పోలిక ఉంది. అక్కడ డాలర్ల అంకె, ఇక్కడ లంకెబిందె. ఇల్లు రెండుచోట్లా అడ్డే.

ఈ తూకంలో రెండో పళ్లాన్ని కూడా చూడాలి. గోదావరి, పెద్దవాగు కలిసేచోట ఉన్న కోటిలింగాల దిబ్బ శాతవాహన పూర్వచరిత్రకు తెరతీసింది. గోభద, నారన, కంవాయసిరి, సమగోప అన్న రాజుల పేర్లు పురాణాల జాబితాల్లో లేవు; నాణేల మీద ఉన్నాయి. చిముక పేరుతో ఉన్న నాణేలూ అక్కడ దొరికాయి. వీటిలో చాలావాటిని మొదట నేలమీద ఏరినవారు స్థానికులు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి విద్వాంసులు వాటిని చదివి ప్రకటించారు. ఆ తరువాతనే 1979–83 మధ్య వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. నాణేలు ఏరినవారిని వేటగాళ్లతో కలిపి నిందిస్తే మన ప్రాచీన చరిత్రలో ఒక అధ్యాయాన్నే నిందించినట్టవుతుంది. అదే సమయంలో, ఉపరితలంపై ఏరిన నాణేనికి పొర ఉండదు. చిముకుడు పురాణాల్లోని సిముకుడేనా, ఇతర రాజులకు అతనికి క్రమం ఏమిటి అన్న చర్చల్లో లిపి స్వరూపం మీద, నాణేల తీరు మీద అంత భారం మోపవలసి రావడానికి అది ఒక కారణం. రాజుల పేర్లు తెలిశాయి. ఆ నాణేలు చేతులు మారిన ఇళ్లు, అంగళ్లు తెలియడానికి దిబ్బ చాలా వరకు మౌనంగానే ఉంది.

ఇక చట్టం. 1878 నాటి భారత నిధినిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉండి, విలువ 10 రూపాయలు మించినది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేలను పురావస్తువులుగా గుర్తించింది. ఇంగ్లండు చట్టంలో మామూలుగా ఒంటరి నాణెం నిధి కింద రాదు. దానికోసమే స్వచ్ఛంద నమోదు పథకం పక్కన నిలిచింది. మనకు పాత చట్టం ఉంది, పక్కన నిలిచే పథకం లేదు. పాటిమన్ను తోలుకుంటుండగా కాసు దొరికిన రైతుకు తెలిసిన దారులు రెండే: దాచుకోవడం, అమ్ముకోవడం. జిల్లా కేంద్రంలో నాణేన్ని చూసి, చోటు రాసుకుని, నాణేన్ని తిరిగి ఇచ్చివేసే ఒక మనిషి ఉంటే మూడో దారి తెరుచుకుంటుంది. చరిత్ర శాఖలున్న డిగ్రీ కళాశాలలు ఆ పని చేయలేనివి కావు. మండలానికొక పాటిదిబ్బల పటం, దొరికిన చోటు, లోతు, పక్కన ఉన్న పెంకులు, పూసలు నమోదు చేసే ఒక చీటీ చాలు.

కలెక్టరుకు ఇచ్చే తెలియజేతలో మూడు సంగతులు ఉండాలని 1878 చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది: దొరికినదాని స్వభావంతోపాటు పరిమాణం లేదా ఉజ్జాయింపు విలువ, దొరికిన స్థలం, దొరికిన తేదీ. పక్కన ఇంకేమి ఉన్నాయన్నది ఆ జాబితాలో లేదు.